మనుషులు సరిపోయారు, గంటలు సరిపోలేదు: గుంటూరులో ఏఎన్ఎంల పంపకంపై ఒక కేస్ స్టడీ

గుంటూరు నగరంలో ఆరోగ్య సిబ్బంది చాలరన్నది అందరూ ఒప్పుకునే మాట. డాక్టర్లూ అదే అంటారు, సూపర్‌వైజర్లూ అదే అంటారు. కాగితాలు ముందేసుకుని కూర్చుంటే మాత్రం ఆ మాట నిలబడదు, కనీసం ఏఎన్ఎంల (ఇంటింటికీ తిరిగి టీకాలు, గర్భిణుల బాగోగులు చూసే నర్సుల) విషయంలో.

2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ లెక్క ప్రకారం 50 వేల జనాభాకి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం, 10 వేల మందికి ఒక ఏఎన్ఎం ఉండాలి. అంటే కేంద్రానికి అయిదుగురు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. పట్టణాల్లో సుమారు 4 వేల మందికి ఒక వార్డు సచివాలయం, ప్రతి సచివాలయానికి ఒక వార్డు హెల్త్ సెక్రటరీ. ఆమే ఏఎన్ఎం గ్రేడ్-3. అదే 50 వేల జనాభాకి ఇప్పుడు పన్నెండు మంది వస్తారు. ఢిల్లీ అడిగిన దానికి రెట్టింపు దాటింది. అయినా శివారు కాలనీల్లో టీకా డ్యూ లిస్టు (టీకా పడాల్సి ఉన్న పిల్లల జాబితా) నెలనెలా పెరుగుతూనే ఉంది, బీపీ మాత్రలు వాడేవాళ్ళని మళ్ళీ పలకరించే నాథుడు ఉండటం లేదు.

2024 చివర్లో నాకు అప్పగించిన పని ఈ చిక్కు విప్పడమే. నేను కమ్యూనిటీ మెడిసిన్ చదివిన డాక్టర్ని, పట్టణ ఆరోగ్య కార్యక్రమంలో కన్సల్టెంట్‌ని. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న అయిదు పట్టణ ఆరోగ్య కేంద్రాలు తీసుకున్నాం. పేర్లు రాయడం లేదు, రాస్తే ఏ మెడికల్ ఆఫీసర్ సంగతో గుంటూరులో సగం మందికి తెలిసిపోతుంది. శివారు కేంద్రం, పాతూరు కేంద్రం, నడిబొడ్డు కేంద్రం, యార్డు వైపు కేంద్రం అని పిలుచుకుంటాను. అయిదోది అన్నిటికీ మధ్యరకం, దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు.

తలల లెక్క

మొదట మనుషుల్ని లెక్కపెట్టాం. ఇది సులువైన పని అనుకుంటారు. ఒకే కేంద్రానికి మూడు జాబితాలు దొరికాయి: శాంక్షన్ అయిన పోస్టులు, జీతాల బిల్లులో ఉన్న పేర్లు, రోజూ అక్కడ కనిపించే మనుషులు. మొదటి రెండూ దాదాపు కలిశాయి. మూడోది వాటితో కలవలేదు.

జీతం ఒకచోట, పని ఇంకోచోట. ఒకామెకి కంప్యూటర్ బాగా వచ్చని ఒక ఆఫీసులో రిపోర్టుల పనికి పెట్టుకున్నారు. ఇంకొకామె ఒక పెద్దాసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో ఉంది. కొందరు ఇంటికి దగ్గర కేంద్రంలో 'తాత్కాలికంగా' పనిచేస్తున్నారు, ఆ తాత్కాలికానికి ఆర్డరు కాగితం కూడా లేదు, ఎవరో నోటిమాటగా చెప్పింది. వీటిలో ఏదీ దొంగతనం కాదు. ప్రతిదాని వెనకా ఎవరో ఒక అధికారి అప్పటి అవసరం ఉంది. అవసరం తీరాక మనిషిని వెనక్కి పంపాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఎవరు ఎక్కడున్నారో తేల్చడానికి ముఖ హాజరు యాప్ పనికొచ్చింది. ఆ యాప్ పెట్టినప్పుడు సిబ్బంది తిట్టుకున్నారు, నేను కాదనను. కానీ హాజరు ఏ చోటునుంచి పడుతోందో అది చెప్తుంది. జీతాల బిల్లు పక్కన ఆ కాలమ్ పెట్టి చూస్తే, నడిబొడ్డు కేంద్రం వైపు మనుషులు ఎలా జారుకుంటూ వచ్చారో తెలిసిపోయింది. శివారు నుంచి నడిబొడ్డుకి వచ్చినవాళ్ళున్నారు గానీ, నడిబొడ్డు నుంచి శివారుకి వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక సెలవులు. దీన్ని మేం ముందు పట్టించుకోలేదు గానీ, చివరికి ఇదే పెద్ద కారణాల్లో ఒకటని తేలింది. వార్డు హెల్త్ సెక్రటరీలందరినీ ఒకే నోటిఫికేషన్ మీద, ఒకేసారి తీసుకున్నారు. చాలామంది అప్పుడే కోర్సు ముగించుకున్న అమ్మాయిలు. ఒకే వయసువాళ్ళు కాబట్టి పెళ్ళిళ్ళూ కాన్పులూ ఒకేసారి వస్తాయి. ప్రసూతి సెలవు 180 రోజులు. పన్నెండు మంది ఉన్న కేంద్రంలో ఏ నెల చూసినా ఇద్దరు ఆ సెలవులో ఉంటే ఆరో వంతు మనుషులు లేనట్టే. పాత ఏఎన్ఎం వ్యవస్థలో ఇరవై ఏళ్ళ అమ్మాయి నుంచి యాభై దాటినామె దాకా అన్ని వయసులవాళ్ళూ ఉండేవారు, అందుకే ఈ సమస్య ఇంతగా కనిపించేది కాదు. సెలవు వాళ్ళ హక్కు, దాని మీద చర్చ లేదు. ఆ ఆరు నెలలు ఆమె వార్డు ఎవరు చూడాలన్న ఏర్పాటు లేకపోవడమే తప్పు. పక్క వార్డు అమ్మాయికి 'ఇన్‌ఛార్జి' అని ఒక మాట అంటించి వదిలేస్తారు. ఆమె రెండు వార్డులూ చూడాలి. చూడలేకపోతుంది. అప్పుడు రెండూ వెనకబడతాయి.

జనం ఎక్కడున్నారు

హారం తప్పైతే లవం ఎంత శుద్ధంగా ఉన్నా లాభం లేదు. నగర జనాభా అంటే ఇప్పటికీ 2011 జనగణనే దిక్కు. అప్పుడు గుంటూరు కార్పొరేషన్ జనాభా ఆరున్నర లక్షలకి కాస్త తక్కువ. 2012లో గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు, బుడంపాడు, అడవితక్కెళ్ళపాడు లాంటి పది గ్రామాలు కలిశాయి. తర్వాత ఊరు పెరిగిందంతా ఎక్కువగా అటువైపే. అడవితక్కెళ్ళపాడులో టిడ్కో ఇళ్ళు (పేదలకి ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్లు) లేచాయి. పాత గుంటూరు సందుల్లో అద్దెకున్న కుటుంబాలు కొన్ని అక్కడికి వెళ్ళిపోయాయి.

మనుషులు వెళ్ళారు, మ్యాపింగ్ వెళ్ళలేదు. సచివాలయ సిబ్బందికి మ్యాపింగే ప్రాణం: ఏ ఇల్లు ఏ సచివాలయం కింద ఉందో చెప్పేది అదే. పెన్షనో ఇంకో పథకమో ఆగిపోతుందేమో అన్న భయంతో చాలామంది పాత చిరునామాలోనే పేరు ఉంచుకుంటారు. వాళ్ళని నేను తప్పుపట్టను. ఫలితంగా పాతూరు ఏఎన్ఎం జాబితాలో ఇప్పుడు అక్కడ లేని మనుషులు ఉంటారు, శివారు ఏఎన్ఎం ఎదురుగా జాబితాలో లేని మనుషులు ఉంటారు. పాతూరు అమ్మాయి డ్యూ లిస్టులో ఉన్న బిడ్డ కోసం తలుపు కొడితే తాళం. ఆ బిడ్డే శివారులో ఆడుకుంటూ ఉంటాడు, అక్కడి అమ్మాయి రిజిస్టర్లో వాడి పేరు ఉండదు.

మిర్చి యార్డు వైపు సంగతి ఇంకోరకం. సంక్రాంతి దాటాక యార్డుకి సరుకు పోటెత్తుతుంది, ఎండాకాలం దాకా అదే జోరు. హమాలీలు, తొడిమెలు తీసే ఆడవాళ్ళు, కోల్డ్ స్టోరేజీల్లో కూలీలు బయటినుంచి వస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తారు. ఆ నాలుగైదు నెలలు ఆ ప్రాంతంలో పని పెరుగుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ఏడాదికొక జనాభా అంకె పెట్టుకునే ఏ ప్రమాణంలోనూ ఇది కనిపించదు.

అసలు జనాభా కోసం మేం వెతికిన చోటు పల్స్ పోలియో మైక్రోప్లాన్ (పోలియో చుక్కలకి ఏ బృందం ఏ ఇళ్ళకి వెళ్ళాలో రాసుకునే ప్రణాళిక). ఇది కొత్త ఆలోచనేం కాదు, ఫీల్డులో పనిచేసే సూపర్‌వైజర్లకి ఎప్పటినుంచో తెలుసు. పోలియో బృందాలు మ్యాపింగ్ చూసుకుని నడవవు, గుమ్మం చూసుకుని నడుస్తాయి. తాళం వేసిన ఇల్లు, కట్టుబడి దగ్గర వేసిన గుడారం, ఇటుకబట్టీ, అన్నీ రాసుకుంటాయి. అయిదేళ్ళలోపు పిల్లల సంఖ్య కూడా దొరుకుతుంది. ఆ ఇళ్ళ లెక్కని అంగన్‌వాడీ రిజిస్టర్లతో సరిచూసి ప్రతి సచివాలయానికీ ఒక 'పని జనాభా' వేసుకున్నాం. శివారులో కొన్ని సచివాలయాలకి అది రికార్డు జనాభాకన్నా బాగా ఎక్కువ, నడిబొడ్డులో కొన్నిటికి బాగా తక్కువ.

గంటల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో 10 వేల జనాభాకి డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు కలిపి 22.8 మంది ఉండాలంది. 2016లో ఆ అంకెని 44.5కి పెంచింది. దేశాల్ని పోల్చడానికి ఇవి పనికొస్తాయి. గుంటూరులో ఫలానా వార్డుకి ఒకరు చాలా, ఇద్దరు కావాలా అంటే ఇవి పలకవు. దానికి అదే సంస్థ తయారుచేసిన విస్న్ పద్ధతి ఉంది: వర్క్‌లోడ్ ఇండికేటర్స్ ఆఫ్ స్టాఫింగ్ నీడ్. పేరు బరువుగా ఉంటుంది గానీ సారం తేలిక. ఒక మనిషికి ఏడాదిలో నిజంగా ఎన్ని పనిగంటలు ఉంటాయి, ఆ చోట ఉన్న పనికి ఎన్ని గంటలు కావాలి, ఈ రెండిటి నిష్పత్తి ఎంత? ఒకటి వస్తే సరిపోయినట్టు. ఒకటికన్నా తగ్గితే ఆ మనిషి మీద భారం పడుతున్నట్టు.

మేం వేసుకున్న లెక్క ఇక్కడ పూర్తిగా పెడుతున్నాను, ఎవరైనా తమ ఊరికి వేసుకోవచ్చు. ఇందులో నిమిషాలు మేం ఏఎన్ఎంలతో కూర్చుని ఒప్పుకున్న ప్రమాణాలు, ఎక్కడా అచ్చైనవి కావు.

365 రోజుల్లో ఆదివారాలు 52 పోతే 313. పండగ సెలవులు సుమారు 20 తీస్తే 293. క్యాజువల్ లీవులు 15, మహిళా ఉద్యోగులకి ప్రత్యేక క్యాజువల్ లీవులు 5 తీస్తే 273. ఆర్జిత సెలవు, జబ్బు సెలవు కలిపి సగటున 13 అనుకున్నాం, శిక్షణలకి 10. మిగిలింది 250 రోజులు. రోజుకి 7 గంటల చొప్పున 1,750 గంటలు. ఇందులో అయిదో వంతు సమీక్షలకీ రిపోర్టులకీ పోతుంది, అది ఎవరూ ఆపలేరు. జనానికి మిగిలేది 1,400 గంటలు.

ఇప్పుడు 4 వేల మంది ఉన్న సచివాలయం తీసుకోండి. మన రాష్ట్రంలో జననాల రేటు వెయ్యికి సుమారు 15 కాబట్టి ఏడాదికి 60 కాన్పులు. గర్భిణుల నమోదు పది శాతం ఎక్కువ వేసుకుంటే 66. ఒక్కొక్కరికి నాలుగు పరీక్షలు, కాన్పయ్యాక ఇంటికి వెళ్ళి చూడటం, యాప్‌లో ఎంట్రీలు కలిపి నాలుగున్నర గంటలు. మొత్తం దాదాపు 300 గంటలు. బుధవారం, శనివారం టీకాల రోజులు, ఏర్పాట్లతో కలిపి వారానికి 8 గంటలు, ఏడాదికి 400. ముప్పై దాటినవాళ్ళు జనాభాలో 37 శాతం అని బీపీ, షుగర్ స్క్రీనింగ్ మార్గదర్శకాలు లెక్కవేస్తాయి. అంటే 1,480 మంది. మనిషికి 20 నిమిషాలు వేస్తే దాదాపు 490 గంటలు. వాళ్ళలో నాలుగో వంతుకి బీపీనో షుగరో ఉందనుకుంటే 370 మంది, నెలకి అయిదు నిమిషాల పలకరింపు చొప్పున ఏడాదికి మనిషికి ఒక గంట, అంటే 370 గంటలు. అన్నీ కూడితే 1,560. 1,400ని 1,560తో భాగిస్తే 0.9. కాస్త బిగువు, కానీ నడుస్తుంది. సచివాలయానికి 4 వేలన్న ప్రమాణం పెట్టినవాళ్ళు ఈ లెక్క వేశారో లేదో గానీ, అంకె మాత్రం తెలివైనదే.

అదే అమ్మాయి ముందు నిజంగా 7 వేల మంది ఉంటే? టీకా రోజులు మారవు, మిగతావన్నీ పెరుగుతాయి. 2,430 గంటల పని. నిష్పత్తి 0.58. రెండున్నర వేలే ఉంటే 1,125 గంటలు, నిష్పత్తి 1.24. ఒకే జీతం, ఒకే హోదా, ఒకే ఊరు, ఒకరి మీద ఇంకొకరికన్నా రెట్టింపు పని.

పైగా ఇవి అన్నిచోట్లా పని తీరు ఒకటే అనుకుని వేసినవి. బ్రాడీపేట, అరండల్‌పేట వైపు ఇళ్ళలో పిల్లలకి టీకాలు ప్రైవేటు పిల్లల డాక్టరే వేస్తారు, కాన్పు కొత్తపేటలోని ప్రైవేటు ఆస్పత్రుల వరసలో ఎక్కడో అవుతుంది. అలాంటి వార్డులో ఏఎన్ఎం పని ఎక్కువగా ఫోన్ చేసి వివరాలు రాబట్టి పోర్టల్లో ఎక్కించడం. అదీ పనే, విసుగు పుట్టించే పని. ఫోన్ ఎత్తరు, ఎత్తినా 'మీరెవరు, మీకెందుకు' అంటారు. కానీ గంటలు తక్కువ. పాతూరులో అంతా సర్కారు సెషన్‌కే వస్తారు, అక్కడ క్యూ ఉంటుంది. 2018 మార్చిలో పాత గుంటూరు వైపు అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అప్పటినుంచీ అక్కడ వాంతులు, విరేచనాల కేసు ఒకటి వినిపిస్తే చాలు, ఏఎన్ఎం పరుగెత్తాలి. ఆ పరుగు ఏ యాప్‌లోనూ గంటలుగా ఎక్కదు.

ఇన్ని చూశాక కూడా మమ్మల్ని ఉలిక్కిపడేలా చేసింది వేరే. సర్వేలు.

వార్డు హెల్త్ సెక్రటరీకి ఇద్దరు యజమానులు. వైద్యం విషయంలో మెడికల్ ఆఫీసర్, సచివాలయ ఉద్యోగిగా ఇంకో వ్యవస్థ. ఇంటింటి సర్వే ఏదొచ్చినా సచివాలయంలో ఉన్న అందరికీ వాటా వేస్తారు. వారానికి సగటున ఒక రోజు దానికి పోతోందని డైరీలు చూస్తే తేలింది. వారానికి ఒక రోజంటే ఏడాదికి 350 గంటలు. 1,400లోంచి తీసేస్తే 1,050. నాలుగు వేల జనాభా ఉన్న ఆదర్శ సచివాలయంలో కూడా నిష్పత్తి 0.9 నుంచి 0.67కి పడిపోతుంది. అంటే ప్రతి నలుగురిలో ఒకరిని తీసేసినట్టు. ఒక్క పోస్టూ ఖాళీ లేకుండానే, ఏ రిజిస్టర్లోనూ కొరతగా కనపడకుండానే పాతిక శాతం సిబ్బంది మాయం. ఎన్ని పోస్టులు కావాలని పైకి రాసే ముందు ఈ గంటల సంగతి తేల్చుకోవాలని నాకు అక్కడే అనిపించింది. పోస్టులు ఇచ్చినా అవీ ఇదే దారిన పోతాయి.

ఎవరిని కదిలించాలి

మామూలుగా ఇలాంటి రిపోర్టు బదిలీల ప్రతిపాదనతో ముగుస్తుంది. మేం ఆ దారి పట్టలేదు. బదిలీలకి ప్రభుత్వం నిషేధం ఎత్తేసే కొద్ది రోజులే దిక్కు, అప్పుడు కూడా దంపతుల కేటగిరీ, అనారోగ్యం, దివ్యాంగులు అంటూ ప్రాధాన్యాలు ఉంటాయి, ఉండాల్సిందే. ఫైలు ఎంత పైకి వెళితే అంత కాలం పడుతుంది. కాబట్టి మెడికల్ ఆఫీసర్ సంతకంతో అయ్యేవి ముందు, జిల్లా స్థాయిలో అయ్యేవి తర్వాత, ప్రభుత్వం దాకా వెళ్ళాల్సినవి చివర అని విడదీశాం. మనిషిని కదపడంకన్నా ఇళ్ళని కదపడం సులువు.

సమావేశం పెట్టేముందే లెక్కల షీటు అందరి వాట్సాప్ గ్రూపులోనూ పెట్టేశాం, పేర్లు లేకుండా సచివాలయాల వారీగా. దీనికి ఒకరిద్దరు అధికారులు అభ్యంతరం చెప్పారు, గొడవలవుతాయని. గొడవ అయింది కూడా. కానీ చీకట్లో జరిగే గొడవకన్నా అంకె ముందు పెట్టుకుని జరిగే గొడవ మేలు. నడిబొడ్డు కేంద్రం అమ్మాయి ఒకామె లేచి, "సార్, మా ఏరియాలో జనం తక్కువని రాశారు, అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడండీ, ఒక్కో ఇంటికి మూడుసార్లు తిరగాలి, అది ఎక్కడ రాశారు?" అంది. న్యాయమైన మాట. స్క్రీనింగ్ నిమిషాలు ఆ వార్డులకి పెంచాం. శివారులో పనిచేసే పెద్దావిడ ఒకరు, పాత ఏఎన్ఎం, "పని ఎక్కువైతే చేస్తామండీ, అది కాదు. ఎండాకాలం సెషన్ అయ్యేసరికి వ్యాక్సిన్ క్యారియర్ పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడవాలి. ఆటో వాళ్ళు లోపలికి రారు" అన్నారు. శివారు పోస్టింగ్ ఎవరూ ఎందుకు కోరుకోరో మాకు అరగంటలో అర్థమైంది. జీతంలో తేడా లేదు, ఇంటద్దె భత్యంలో తేడా లేదు, తేడా అంతా రానూపోనూ ప్రయాణంలో ఉంది.

డబ్ల్యూహెచ్ఓ 2021లో మారుమూల ప్రాంతాల్లో సిబ్బందిని నిలబెట్టుకోవడంపై మార్గదర్శకాలు తెచ్చింది. ఒక్క ప్రోత్సాహకంతో పని జరగదు, కొన్ని కలిపి ఇవ్వాలని వాటి సారం. అవి రాసినవాళ్ళ మనసులో ఉన్నది కొండలూ అడవులూ. కానీ బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాల్సిన టిడ్కో కాలనీ కూడా ఒక ఏఎన్ఎంకి మారుమూలే.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. ఒకే కేంద్రం పరిధిలో భారం ఎక్కువున్న సచివాలయం నుంచి కొన్ని వీధుల్ని ఆరోగ్య పనులవరకు పక్క సచివాలయం ఏఎన్ఎంకి ఇచ్చాం. మ్యాపింగ్ ముట్టుకోలేదు, పథకాలకి సంబంధం లేదు, మెడికల్ ఆఫీసర్ ఆర్డరు చాలు. టిడ్కో కాలనీలో రికార్డులో లేని కుటుంబాలకి ఒక విడి లైన్ లిస్టు (పేరుపేరునా రాసిన జాబితా) తెరిచాం, దాన్ని పాతూరు కేంద్రంతో వారం వారం సరిచూసుకోవాలి. నిష్పత్తి ఒకటి దాటిన నడిబొడ్డు ఏఎన్ఎంలు నెలలో రెండు సెషన్లు శివారులో చేస్తారు. వాళ్ళని టీకా పెట్టెలతో పాటే కేంద్రం వాహనం తీసుకెళ్ళి మళ్ళీ దింపుతుంది. ఈ వాహనం షరతు లేకపోతే మిగతాదంతా కాగితానికే పరిమితమయ్యేది. అయిదేళ్ళలోపు బిడ్డ ఉన్నవాళ్ళకీ, ఆరోగ్యం బాగాలేనివాళ్ళకీ మినహాయింపు, ఎవరికి ఇవ్వాలో సిబ్బందే కూర్చుని రాశారు. యార్డు వైపు కేంద్రానికి జనవరి నుంచి మే దాకా ఒక అదనపు మనిషి.

నోటిమాట డిప్యుటేషన్లు జిల్లా స్థాయిలో రద్దయ్యాయి. అన్నీ కాదు. కొందరు వెనక్కి వచ్చారు, కొందరి విషయంలో మళ్ళీ ఫోన్లు వచ్చాయి. వెనక్కి వచ్చినవాళ్ళలో ఇద్దరిని ఏ సచివాలయానికీ కట్టకుండా సెలవు రిజర్వుగా ఉంచాం. ఎవరు ప్రసూతి సెలవులో వెళితే వాళ్ళ వార్డుకి పూర్తిగా వెళ్ళడమే పని. మా ఏర్పాటు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, నిలబడటం కష్టమైందీ ఇదే. ఏ వార్డుకీ కట్టని మనిషి ఖాళీగా ఉన్నట్టు పైవాళ్ళ కళ్ళకి ఆనుతుంది. పెళ్ళిపందిట్లో పని లేని బావమరిదిని చూసినట్టు ప్రతివాళ్ళూ ఏదో ఒక పని పురమాయిస్తారు.

సర్వేల మీద ఒకే ఒక్క మాట సాధించుకోగలిగాం: బుధ, శనివారాల్లో హెల్త్ సెక్రటరీకి సర్వే పని ఇవ్వకూడదని లిఖితపూర్వకంగా. మిగతా రోజుల సంగతి మా చేతిలో లేదు.

ఆరు నెలల తర్వాత

శివారులో డ్యూ లిస్టు తగ్గింది. ముఖ్యంగా 'తాళం' అని రాసి వదిలేసే పేర్లు తగ్గాయి, ఎందుకంటే వాటిలో చాలామంది టిడ్కో లైన్ లిస్టులో దొరికారు. వీధుల మార్పిడి మొదటి నెల గందరగోళంగా ఉన్నా తర్వాత ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు. యార్డు అదనపు మనిషి ఏర్పాటు బాగానే నడిచింది.

స్క్రీనింగ్ మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. సర్వే రోజులు తగ్గకుండా అది కదలదని లెక్క ముందే చెప్పింది. నడిబొడ్డు వార్డుల్లో ప్రైవేటు టీకాల ఎంట్రీలు వెనకబడ్డాయి. శివారు సెషన్లకి వెళ్ళిన రోజులు అక్కడి ఫోన్ల రోజులే కదా. డాష్‌బోర్డులో ఆ కేంద్రం రంగు మారింది, అక్కడి మెడికల్ ఆఫీసర్‌కి సమీక్షలో మాట పడింది. పంపకం న్యాయంగా చేస్తే పైన ఉన్నవాళ్ళ అంకె కాస్త కిందికి వస్తుంది, అది చేసిన పనికి ఫలితమే గానీ వైఫల్యం కాదు. ర్యాంకులు ఇచ్చే డాష్‌బోర్డుకి ఈ సంగతి తెలియదు. కేంద్రాల వారీగా కాకుండా అయిదు కేంద్రాల్నీ కలిపి ఒక గుంపుగా చూపించమని అడిగాం. ఇంకా కాలేదు.

సెలవు రిజర్వులో ఒకామెని మళ్ళీ ఆఫీసు పనికి తీసుకున్నారు. రెండో ఆమె ఉంది. ఈలోగా ఆమె తానే ప్రసూతి సెలవుకి దరఖాస్తు పెట్టుకుంది.

ఈ లెక్క పనికిరాని చోటు

ఏఎన్ఎంలతో బాగానే ఉందని, ఇదే పద్ధతి డాక్టర్లకీ ల్యాబ్ టెక్నీషియన్లకీ వేయమన్నారు. వేసి చూసి ఆపేశాం. కారణం చెప్పాలి, ఎందుకంటే ఇతర జిల్లాల్లో ఇదే చేయబోతున్నవాళ్ళు ఉన్నారు.

ఏఎన్ఎం పనిని జనాభా నుంచి లెక్కగట్టాం: ఇంతమంది ఉంటే ఇన్ని కాన్పులు, ఇంతమంది ముప్పై దాటినవాళ్ళు. సేవ అందినా అందకపోయినా ఆ పని ఉన్నట్టే. డాక్టరు పనిని ఓపీ రిజిస్టరు నుంచి లెక్కవేస్తారు. శివారు కేంద్రంలో డాక్టరు వారంలో రెండు రోజులు ఇంకో డ్యూటీకి వెళితే ఓపీ తగ్గుతుంది. ఓపీ తగ్గితే విస్న్ ఏమంటుంది? ఇక్కడ పని తక్కువ, ఉన్న డాక్టరు చాలు అంటుంది. సాయంత్రం ఓపీ నడవని చోట కూలికి పోయి వచ్చేవాళ్ళు అసలు రిజిస్టరులోకే రారు. లేని సేవకి పనిభారం సున్నా. అంటే కొరత ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడే అంకె బాగా కనిపిస్తుంది. ల్యాబ్‌లో ఇది ఇంకా మోసం చేస్తుంది: రీఏజెంట్ (పరీక్షకి వాడే రసాయనం) లేని నెల పరీక్షలు జరగవు, ఆ నెల టెక్నీషియన్ 'మిగులు' సిబ్బంది అవుతాడు. మనం అప్పుడు మనుషుల్ని కాదు, సీసాల్ని లెక్కపెడుతున్నట్టు.

డాక్టర్లకి దారి ఉంది గానీ దూరం. చుట్టుపక్కల జనంలో జబ్బుల అంచనా నుంచి ఎన్ని సంప్రదింపులు అవసరమో ముందు లెక్కవేసి, దాన్ని ఓపీతో పోల్చాలి. ఈ రెండిటి మధ్య తేడానే కొరత. దీనికి ఇంటింటి సమాచారం కావాలి, అంటే మళ్ళీ ఒక సర్వే, అది చేయాల్సిందీ ఆ వార్డు హెల్త్ సెక్రటరీలే. ఏడాదికి 1,400 గంటల్లోంచి దానికి ఎన్ని తీయాలన్న దగ్గర మా చర్చ ఆగి ఉంది. ప్రస్తుతానికి మేం అనుకుంటున్నది విడిగా సర్వే పెట్టకుండా, ఎలాగూ జరగాల్సిన బీపీ, షుగర్ స్క్రీనింగ్ ఫారంలోనే రెండు ప్రశ్నలు చేర్చడం: పోయిన నెలలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడికి వెళ్ళారు, సర్కారు కేంద్రానికి రాకపోతే కారణమేంటి. శివారు కేంద్రంలో మూడు సచివాలయాల్లో మొదలుపెడుతున్నాం.